చిన్న సొట్టకు క్లెయిమా, సొంత డబ్బా: ఏది మేలు?

గేటు తిప్పుతుంటే ముందు బంపర్ స్తంభానికి గీసుకుంది, పక్కన ఫెండర్ కాస్త లోపలికి పోయింది. షోరూమ్‌లో 14,000 అన్నారు. ఇన్సూరెన్స్ క్లెయిమ్ పెట్టాలా, జేబులోంచి పెట్టుకోవాలా? కారున్న ప్రతివాళ్లూ ఏదో ఒకరోజు అడిగే ప్రశ్న ఇది. సర్వీస్ సెంటర్‌లో చెప్పే జవాబు ఎప్పుడూ ఒకటే: "క్లెయిమ్ పెట్టేయండి సార్, మీ చేతినుంచి వెయ్యి రూపాయలే." ఆ కౌంటర్ దగ్గర కట్టే బిల్లు వరకు అది నిజం కావచ్చు. అసలు ఖర్చు మాత్రం రెన్యువల్ రోజున మొదలై, ఆ తర్వాత నాలుగేళ్లు వెంట వస్తుంది.

నా దృష్టిలో ఈ నిర్ణయాన్ని తేల్చేది ఎన్‌సీబీ, అంటే నో క్లెయిమ్ బోనస్: క్లెయిమ్ పెట్టని ఏళ్లకు ప్రీమియంలో ఇచ్చే డిస్కౌంట్. క్లెయిమ్ పెడితే అది పోతుందని అందరికీ తెలుసు. ఎంత పోతుందన్న లెక్క దగ్గరే పొరపాటు జరుగుతోంది. చాలామంది వచ్చే ఏడాది డిస్కౌంట్ ఒక్కటే పోతుందనుకుంటారు. కానీ ఎన్‌సీబీ మెట్ల లాంటిది: క్లెయిమ్ లేని ఏళ్లు పెరిగేకొద్దీ 20, 25, 35, 45, 50 శాతం. ఒక్క క్లెయిమ్‌తో కింది నేల మీదికి వచ్చేస్తారు, మళ్లీ ఒక్కో మెట్టూ ఒక్కో ఏడాది చొప్పున ఎక్కాలి.

ఇప్పుడు మీ పాలసీలో 25 శాతం ఉందనుకోండి. క్లెయిమ్ పెట్టకపోతే వచ్చే ఐదేళ్లూ వరసగా 35, 45, 50, 50, 50. పెడితే 0, 20, 25, 35, 45. ఏడాదికేడాది తేడా 35, 25, 25, 15, 5. కూడితే 105 శాతం. అంటే ఎన్‌సీబీ తీసేయకముందు ఉండే ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ సొంత కారు నష్టానికి కట్టే భాగం) ఒక ఏడాదిది పూర్తిగా, ఇంకాస్త ఎక్కువే పోతుంది. మిగతా మెట్లకు లెక్క ఇది:

ఇప్పుడు 0 ఉంటే: 50 శాతం
20 ఉంటే: 80
25 ఉంటే: 105
35 ఉంటే: 120
45 లేదా 50 ఉంటే: 125

ఈ శాతాలను పాలసీ మొత్తం ప్రీమియం మీద వేయకండి. పాలసీ షెడ్యూల్‌లో ఓన్ డ్యామేజ్ ఒక పక్క, లయబిలిటీ అంటే థర్డ్ పార్టీ (మీ కారు వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి) ఇంకో పక్క ఉంటాయి. ఎన్‌సీబీ ఓన్ డ్యామేజ్ భాగానికే. థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేది, మీరు క్లెయిమ్ చేసినా చేయకపోయినా మారదు. ఎన్‌సీబీ తీసేసిన వరుసకు పైన ఉన్న అంకె పట్టుకుని, పై శాతంతో గుణించి, దానికి 18 శాతం జీఎస్టీ కలపండి. అదీ మీ క్లెయిమ్ అసలు ధర.

ఇప్పుడు ఆ 14,000 బిల్లుకే వద్దాం. ఎన్‌సీబీకి ముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం 8,000, ఎన్‌సీబీ 25 శాతం అనుకుందాం. 8,000లో 105 శాతం 8,400, జీఎస్టీతో 9,912. బిల్లులో కొత్త బంపర్ 4,000, బంపర్‌కూ ఫెండర్‌కూ పెయింటింగ్ 8,000, విప్పి బిగించడం, సొట్ట తీయడం 2,000. జీరో డెప్ (తరుగుదల కోయకుండా ఇచ్చే అదనపు కవర్) లేని మామూలు పాలసీలో ప్లాస్టిక్ సామానుకు తరుగుదల 50 శాతం, కాబట్టి బంపర్‌కు 2,000 మాత్రమే ఇస్తారు. పెయింటింగ్ బిల్లులో పావు వంతును మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం కోస్తారు, కాబట్టి 7,000 వస్తుంది. లేబర్ పూర్తిగా ఇస్తారు. మొత్తం 11,000. అందులోంచి తప్పనిసరి మినహాయింపు (ప్రతి క్లెయిమ్‌లో మీరే పెట్టుకోవాల్సింది) 1,000 పోగా కంపెనీ ఇచ్చేది 10,000. షోరూమ్ వాళ్లు ఫైల్ ఛార్జీ అనేది నిజానికి ఈ మినహాయింపునే. 1500 సీసీ దాటిన కార్లకు అది 2,000. పాలసీ కొన్నప్పుడు డిస్కౌంట్ కోసం వాలంటరీ డిడక్టిబుల్ (మీరే ఒప్పుకుని భరించే అదనపు మొత్తం) తీసుకుని ఉంటే అదీ కలుస్తుంది.

10,000 వచ్చింది, 9,912 పోయింది. మిగిలింది 88 రూపాయలు. దానికోసం సర్వేయర్ (నష్టాన్ని చూసి లెక్కగట్టే మనిషి) కోసం ఎదురుచూపు, ఫారాలు, కారు లేకుండా కొన్ని రోజులు.

అదే జీరో డెప్ ఉంటే 13,000 వస్తుంది, లాభం 3,088. ఇది కాదనలేని మొత్తమే. కానీ ఇక్కడ ఇంకో మెలిక ఉంది. క్లెయిమ్‌లో వేసే బిల్లూ, మీరు సొంతంగా పెట్టుకునే బిల్లూ ఒకటి కాదు. ఇన్సూరెన్స్ పని అనగానే బంపర్ మార్చమంటారు. అదే బంపర్ పగలకుండా గీతలే పడి ఉంటే, లేదా చిన్న చీలికే అయితే, ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి పెయింట్ వేస్తే సరిపోతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ ఊళ్లో పేరున్న టింకరింగ్ షాపులోనో ఈ మొత్తం పని 7,000కు తేలిందనుకోండి. అప్పుడు పోల్చాల్సింది 7,000ను, క్లెయిమ్ దారిలో మీకయ్యే మొత్తంతో. జీరో డెప్ ఉన్నా ఆ మొత్తం 1,000, 9,912 కలిపి 10,912. లేకపోతే 4,000, 9,912 కలిపి 13,912. ఒకటి రెండు ప్యానెళ్ల గీతలకు, సొట్టలకు నేను జేబువైపే మొగ్గేది ఇందుకే.

న్యాయంగా చెప్పాలంటే 9,912 పై అంచు. కారు పాతబడేకొద్దీ ఐడీవీ (ఇన్సూరెన్స్ లెక్కగట్టే కారు విలువ) తగ్గి, దాంతో ఓన్ డ్యామేజ్ ప్రీమియమూ తగ్గుతుంది గనక నిజంగా పోయేది కొంచెం తక్కువే. పైగా వచ్చే ఏడాది ఎలాగూ ఇంకో క్లెయిమ్ పడేలా ఉంటే మెట్లు అప్పుడైనా కూలేవే, కాబట్టి ఇప్పుడు పోయేది ఒక్క ఏడాది డిస్కౌంట్: 8,000లో 35 శాతం, జీఎస్టీతో 3,304. కొత్తగా నేర్చుకుని రోజూ నగర ట్రాఫిక్‌లో నడిపేవాళ్లు ఈ కింది అంచుకు దగ్గరగా లెక్కేసుకోవాలి. ఏళ్లుగా గీత పడకుండా నడిపేవాళ్లు పై అంచునే పట్టుకోవాలి. కారు అమ్మేస్తున్నాం కదా, ఎన్‌సీబీతో పనేంటి అనుకోకండి. అది కారుది కాదు, మీది. కొత్త కారు పాలసీకి మార్చుకోవచ్చు, అక్కడ ఓన్ డ్యామేజ్ ప్రీమియం పెద్దది కాబట్టి దాని విలువ ఇంకా పెరుగుతుంది.

క్లెయిమే మేలైన సందర్భాలు లేకపోలేదు. కారు మొదటి ఏడాదిలో ఉండి, ఎన్‌సీబీ సున్నా, జీరో డెప్ ఉంటే పోయేది 50 శాతమే. షోరూమ్‌లోనే కొత్త సామానుతో చేయించుకోండి. ఇదే పాలసీ ఏడాదిలో ఇప్పటికే ఒక క్లెయిమ్ అయి ఉంటే మెట్లు ఇదివరకే కూలాయి, రెండోదానికి ఎన్‌సీబీ పరంగా కొత్తగా పోయేదేమీ లేదు. కాకపోతే జీరో డెప్ ఏడాదికి ఎన్ని క్లెయిములకు వర్తిస్తుందో చూసుకోండి, రెండే అని పెట్టే కంపెనీలున్నాయి. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ (క్లెయిమ్ పెట్టినా బోనస్ నిలిపే అదనపు కవర్) కొనుక్కున్నవాళ్లు దాన్ని వాడుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యమైన మినహాయింపు, బయటికి కనపడని దెబ్బ. బంపర్ ప్లాస్టిక్ వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తుంది, వెనకున్న ఇనుము రాదు. జేబులోంచి పెట్టుకోవాలని నిర్ణయించేముందు ఇవి చూడండి. బానెట్‌కూ ఫెండర్‌కూ మధ్య సందు రెండు వైపులా వేర్వేరుగా ఉందా? హెడ్‌లైట్‌ను చేత్తో కదిపితే ఊగుతోందా? ఊగితే లోపల దాన్ని పట్టి ఉంచే లగ్ విరిగింది. రాత్రంతా నిలిపాక కింద కూలెంట్ చుక్కలున్నాయా? ఏసీ చల్లదనం తగ్గిందా? తగ్గితే కండెన్సర్ అనుమానించండి, అది బంపర్‌కు వెంటనే వెనక ఉంటుంది. స్టీరింగ్ ఒక పక్కకు లాగుతోందా? వీటిలో ఏ ఒక్కటి ఉన్నా లెక్కలు పక్కనపెట్టి వెంటనే క్లెయిమ్ నమోదు చేయండి. కూలెంట్ కారుతున్న బండిని నడిపి ఇంజిన్ వేడెక్కి పాడైతే, ఆ తర్వాతి నష్టం ప్రమాదంలో జరిగింది కాదని కంపెనీ ఇవ్వదు.

కాబట్టి మొదటి రోజే పని వరసగా చేయండి. అక్కడికక్కడే నాలుగు వైపులా ఫొటోలు, నంబర్ ప్లేటు కనపడేలా. షోరూమ్ ఎస్టిమేట్, బయటి బాడీ షాపు ఎస్టిమేట్ రెండూ తీసుకోండి. క్లెయిమ్ పెట్టే ఉద్దేశం ఏమాత్రం ఉన్నా 24 నుంచి 48 గంటల్లో కంపెనీకి చెప్పాలి, సర్వే అయ్యేదాకా ఒక్క బోల్టు విప్పకూడదు. ముందే బాగు చేయించి బిల్లు పంపితే తిరస్కరిస్తారు. ముందు గీత, వెనక సొట్ట వేర్వేరు రోజుల్లో పడితే అవి రెండు క్లెయిములు, రెండు మినహాయింపులు. తుప్పు పట్టిన పాత గీతను కొత్త ప్రమాదంలో కలిపితే సర్వేయర్‌కు చూడగానే తెలుస్తుంది.

బయట చేయించేటప్పుడు మోసపోయేది పెయింట్ దగ్గర. బంపర్‌కు ప్లాస్టిక్ ప్రైమర్ వేయకపోతే కొన్నాళ్లకు రంగు పొరలుగా లేస్తుంది. సొట్టను వెనకనుంచి లాగకుండా పుట్టీ మందంగా నింపితే ఎండకు చీలుతుంది. సిల్వర్, గ్రే లాంటి మెటాలిక్ రంగుల్ని పక్క ప్యానెల్‌లోకి కొంత కలుపుకుంటూ వేయకపోతే పగటి వెలుగులో తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పెయింట్ బూత్ ఉందా అని అడిగి, ఉన్నచోటే ఇవ్వండి. రంగు పోకుండా సొట్ట మాత్రమే పడితే పెయింట్ లేకుండా సొట్ట తీసేవాళ్లున్నారు, ఒక్క తలుపుకు అదే చవక. చిన్న గీతకు కంపెనీ టచప్ పెన్ చాలు. ఇనుము కనిపిస్తుంటే మాత్రం వాయిదా వేయకండి, విశాఖ, కాకినాడ, నెల్లూరు లాంటి తీరపు ఊళ్లలో తుప్పు త్వరగా పాకుతుంది.

ఎదుటి బండివాడి తప్పయితే అతని థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ నుంచి రాబట్టుకోవచ్చు, కానీ దానికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ దాకా వెళ్లాలి. సొట్టకోసం ఎవరూ వెళ్లరు. మనిషికి గాయమైతే అది చిన్న ప్రమాదం కాదు, వెంటనే పోలీసులకూ ఇన్సూరెన్స్‌కూ చెప్పండి.

క్లెయిమ్ నమోదు చేసి, తర్వాత మనసు మార్చుకుంటే డబ్బు చెల్లించకముందే ఉపసంహరించుకోవచ్చు. కంపెనీ రూపాయి కూడా ఇవ్వకుండా మూసిన క్లెయిమ్‌కు మామూలుగా ఎన్‌సీబీ పోదు. ఆ మాట మెయిల్‌లో రాయించుకుని దాచండి. డబ్బు తీసుకున్నాక మాత్రం రెన్యువల్‌కు కంపెనీ మారినా "క్లెయిమ్ లేదు" అని టిక్ పెట్టకండి. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగి తెలుసుకుంటుంది, అబద్ధమని తేలితే పెద్ద ప్రమాదం జరిగిన రోజున ఓన్ డ్యామేజ్ క్లెయిమ్‌ను పూర్తిగా తిరస్కరించవచ్చు.