చొక్కా కింద పిస్టల్: బెల్టు, హోల్‌స్టర్‌లతో కొన్నేళ్ల అనుభవం

టెక్సస్‌లో పెట్రోలు బంకు నడుపుతూ రాత్రివేళ నగదుతో ఇంటికి వెళ్లవలసిన పని కావడంతో, లైసెన్సు తీసుకుని కొన్నేళ్లుగా చొక్కా కింద పిస్టల్ ఉంచుకుంటున్నాను. హెచ్-1బి వీసా మీద ఉన్నవారికి, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం కనుక ఈ మాటలు గ్రీన్ కార్డు లేదా పౌరసత్వం ఉన్నవారికే వర్తిస్తాయి.

అడిగేవారందరూ ఏ తుపాకీ కొనాలనే అడుగుతారు గాని బెల్టు ఊసెత్తరు. గ్లాక్ 19, సిగ్ పి365 రెండూ వాడాను. ఖాళీ మ్యాగజీన్‌తో మొదటిది సుమారు 670 గ్రాములు, రెండవది సుమారు 500 గ్రాములు తూగుతాయి. అయితే బరువు కన్నా పిడి పొడవే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది, ఎందుకంటే తుపాకీ గొట్టం ప్యాంటు లోపల దాగిపోతుంది, చొక్కా మీద ఉబ్బెత్తుగా కనబడేది పిడి మాత్రమే. ఒకటిన్నర అంగుళాల వెడల్పుతో, వంగని గట్టి బెల్టు ఉంటే ఆ పిడి ఒంటికి అంటుకుని నిలుస్తుంది. మామూలు ఆఫీసు బెల్టుతో తుపాకీ బయటికి వాలిపోతుంది, ప్యాంటు పదేపదే ఎగలాక్కోవలసి వస్తుంది.

కుడి తుంటి వెనుక పెట్టుకుంటే నిలబడినంతసేపూ హాయిగానే ఉంటుంది. కింది అరలో సరుకు సర్దడానికి వంగగానే పిడి చొక్కాను పైకి పొడుస్తుంది, కారులో సీటు నొక్కుతుంది, సీటుబెల్టు కింద నుంచి చేయి అందదు. రోజులో ఎక్కువ భాగం కూర్చునే నాకు పొట్ట ముందు, బెల్టు బకిలుకు కొంచెం కుడివైపున పెట్టుకోవడమే కుదిరింది. పొట్ట ఉన్నవారికి ఇది కష్టమంటారు. హోల్‌స్టర్ (తుపాకీ ఒర) అడుగున నురుగు మెత్త, పక్కన బెల్టుకు ఆని పిడిని లోపలికి తిప్పే చిన్న ప్లాస్టిక్ రెక్క ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఈ చోట గొట్టం తొడవైపు చూస్తుంది కాబట్టి హోల్‌స్టర్ విషయంలో బేరం పనికిరాదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే కైడెక్స్ (గట్టి ప్లాస్టిక్) హోల్‌స్టరే కొనాలి, మెత్తని తోలుది తుపాకీ తీయగానే మూతి ముడుచుకుంటుంది. తిరిగి పెట్టేటప్పుడు చొక్కా అంచును, జాకెట్ తాడును ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, చూస్తూ, నెమ్మదిగా దించాలి. వేసవి చెమటకు స్లయిడ్ (పిస్టల్ పైన జరిగే లోహపు భాగం) మీద తుప్పు చుక్కలు లేస్తాయి, వారానికొకసారి తుడిచి పలుచగా నూనె రాస్తే చాలు.

గుమ్మంలో 30.06 బోర్డు (లైసెన్సు ఉన్నా దాచిన తుపాకీతో లోపలికి రావద్దని టెక్సస్‌లో పెట్టే బోర్డు) ఉన్న చోటికి వెళ్లవలసి వస్తే, పిస్టల్‌ను హోల్‌స్టర్ నుంచి తీయకుండా రెండింటినీ కలిపి నడుము నుంచి విప్పి, కారులో బిగించిన తాళం పెట్టెలో పెడతాను. తపాలా కార్యాలయం సొంత పార్కింగులోనూ తుపాకీ నిషేధమే కనుక అక్కడికి వెళ్లేరోజు అసలు ఇంట్లోనే వదిలేస్తాను.