రోడ్డు మీద పోలీసు హద్దు దాటితే: ఫైను కట్టి పోవడమా, ఎస్పీకి అర్జీనా, కోర్టా... ఏది మేలు?

కర్నూలు రాజ్‌విహార్ కూడలిలో సాయంత్రం తనిఖీ. హెల్మెట్ లేని బండి ఆగీ ఆగకముందే ఒక చెయ్యి వచ్చి తాళంచెవి లాగేసుకుంటుంది. "తాళం ఇయ్యండి సార్, ఫైను కడతా" అంటే అదే ఎదురుమాటగా లెక్క. మాట కాస్త పెరిగితే చొక్కా కాలరు, ఇంకాస్త పెరిగితే చెంపదెబ్బ. హెల్మెట్ పెట్టుకోకపోవడం తప్పే. మోటారు వాహనాల చట్టం 194డి సెక్షన్ దానికి వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలల లైసెన్సు అనర్హత పెట్టింది. చెంపదెబ్బ మాత్రం ఏ సెక్షన్‌లోనూ లేదు.

ఇంటికొచ్చాక ఆ మనిషికి తలా ఒక సలహా ఇస్తారు. ఫైను కట్టేసి మర్చిపొమ్మని ఒకరు, అసలు కట్టొద్దు కోర్టుకే పొమ్మని ఇంకొకరు, ఎస్పీ ఆఫీసుకు, మానవ హక్కుల కమిషన్‌కు పొమ్మని మరొకరు. ఈ దారులు ఒకదానికొకటి పోటీ కావు. వరస తప్పితేనే అన్నీ చెడతాయి.

వాళ్ల హద్దు ఎంతవరకు

కొన్ని సంగతులు జనంలో తప్పుగా తిరుగుతున్నాయి, వాటిని నమ్ముకుని వాదిస్తే నష్టం మనకే. "లైసెన్సు తీసుకునే హక్కు పోలీసులకు లేదు" అనేది వాటిలో మొదటిది. 2019 సవరణ తర్వాత 206వ సెక్షన్ కింద హెల్మెట్ లేకపోయినా, ముగ్గురు ఎక్కినా, అతివేగంగా పోయినా లైసెన్సు స్వాధీనం చేసుకుని ఆర్టీఓ ఆఫీసుకు పంపొచ్చు. అయితే తాత్కాలిక రసీదు రాసి చేతికివ్వాలి. రసీదు లేకుండా జేబులో పెట్టుకుంటే అది స్వాధీనం కిందికి రాదు.

బండి సంగతి వేరు. 207వ సెక్షన్ కింద బండి ఆపేసుకోడానికి కారణాలు లెక్కగా ఉన్నాయి: లైసెన్సు లేకుండా నడపడం, వయసు చాలకపోవడం, రిజిస్ట్రేషన్ లేకపోవడం, పర్మిట్ లేకపోవడం లేదా దాని షరతు మీరడం. హెల్మెట్ ఒక్కటే కారణమైతే ఆ జాబితాలో లేదు. తాళంచెవి లాక్కోమని చెప్పే సెక్షన్ చట్టంలో ఎక్కడా లేదు.

కాగితాలు ఫోన్‌లో చూపితే చాలు. కేంద్ర మోటారు వాహనాల నిబంధన 139 ప్రకారం డిజీలాకర్, ఎంపరివాహన్ యాప్‌లలోని కాపీ అసలుతో సమానం. కానీ చూపించడం వేరు, ఫోన్ అప్పగించడం వేరు. హెల్మెట్ కేసులో వాట్సాప్ తెరిచి చూసే పని ఎవరికీ లేదు. ఫోన్ స్వాధీనం చేసుకోవాలంటే నేరంతో దానికి సంబంధం ఉందన్న అనుమానం ఉండాలి, ఆ స్వాధీనాన్ని వీడియో తీయాలి, మేజిస్ట్రేటుకు తెలపాలి.

అరెస్టు, దర్యాప్తు ఎలా చేయాలో చెప్పే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 172వ సెక్షన్ కొత్తగా వచ్చింది. పోలీసు ఇచ్చే చట్టబద్ధమైన ఆదేశాన్ని లెక్కచేయని మనిషిని అక్కడినుంచి తీసుకుపోవచ్చు, చిన్న విషయమైతే 24 గంటల్లోపు వీలైనంత త్వరగా వదిలేయాలి. అందుకే కూడలిలో నిలబడి సెక్షన్లు అప్పజెప్పడం తెలివైన పని కాదు. అక్కడ చేయాల్సింది పేరు పలక చదువుకోవడం, టైము చూసుకోవడం, "సార్, చలానా రాయండి, కడతా" అనడం. పక్కనుంచి వీడియో తీయొద్దని చెప్పే చట్టం లేదు, కానీ అడ్డంగా నిలబడి తీస్తే విధులకు ఆటంకం అనే, భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 221వ సెక్షన్ నెత్తిన పడుతుంది. నాలుగడుగులు వెనక్కి జరిగి, మాట్లాడకుండా తీయాలి.

కట్టేసి పోవడం

తప్పు నిజంగా చేసి ఉంటే చలానా కట్టడమే మేలు. కట్టడమంటే హెల్మెట్ లేదని ఒప్పుకోవడమే గాని కొట్టినదాన్ని ఒప్పుకోవడం కాదు. పైగా ఆ చలానాలో తేదీ, సమయం, స్థలం పడి ఉంటాయి. రేపు "ఆ మనిషి ఆరోజు అక్కడికే రాలేదు" అనే జవాబు వస్తే మొదట నోరు మూయించేది అదే కాగితం. జరిమానా ఎగ్గొట్టడానికే కేసు పెట్టాడన్న మాటకూ చోటుండదు.

చెడేది ఎక్కడంటే, రసీదు లేని చోట. వెయ్యి అని చెప్పి మూడొందలు చేతిలో పెట్టమంటే, లేదా ఎవరిదో సొంత నంబరుకు ఫోన్‌పే చేయమంటే అది జరిమానా కాదు, లంచం. దానికి ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) నంబరు 1064 ఉంది. చెల్లించిన స్క్రీన్‌షాట్ తుడిచేయొద్దు, అవతలి ఖాతా పేరు అందులోనే ఉంటుంది.

తప్పే చేయకపోతే ఆ చలానాను కోర్టులో తేల్చుకోవచ్చు. వేరేవాళ్ల బండి నంబరు తప్పుగా పడిందనో, ఫొటోలో హెల్మెట్ కనిపిస్తూనే ఉందనో గట్టి రుజువుంటేనే ఆ దారి. వెయ్యి రూపాయల కోసం మూడు వాయిదాలు తిరిగితే కూలి పోయేది మనదే. అలాంటివాటికి ముందు పోలీసు చలానా విభాగంలో అభ్యంతరం రాసిచ్చి చూడాలి, తేలకపోతే లోక్ అదాలత్‌కు పోవచ్చు.

ఎస్పీకి అర్జీ

అసలు బలం ఇక్కడుంది. చాలామంది దీన్ని కంటితుడుపు అనుకుని వదిలేస్తారు, తర్వాత కోర్టుకు పోతే అక్కడ మొదటి ప్రశ్న ఇదే వస్తుంది: ఎస్పీకి రాశారా? స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పోస్టులో పంపాలని, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలని నాగరిక్ సురక్షా సంహితలోని 173(4) చెబుతుంది. అంటే అర్జీ అనేది కోర్టు గుమ్మానికి మెట్టు.

కర్నూలు, కడప, అనంతపురం... మూడుచోట్లా సోమవారం ఎస్పీ ఆఫీసులో ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది. అక్కడ ఇచ్చి నంబరు పడిన రసీదు తీసుకోవాలి. అదే అర్జీ ఇంకో కాపీ స్పీడ్ పోస్టులో కూడా పంపాలి, పోస్టు రసీదు దాచాలి. ఒకే అర్జీ రెండుసార్లు ఎందుకంటే, చేతికిచ్చినది తిరిగి అదే స్టేషన్‌కు విచారణకు పోయి "రాజీ అయ్యారు" అని మూతపడుతుంటుంది. పోస్టు రసీదు మాత్రం కోర్టులో నిలబడుతుంది. విచారణకు పిలిచి "రాజీ" అని ముందే రాసిపెట్టిన కాగితం మీద సంతకం పెట్టమంటే, చదవకుండా పెట్టొద్దు. ఒప్పుకోకపోతే "నాకు సమ్మతం లేదు" అని సొంత చేత్తో రాసి సంతకం చేయాలి.

అర్జీలో కోపం వద్దు, వివరం కావాలి. "పోలీసులు నన్ను చిత్రహింసలు పెట్టారు" అని రాస్తే ఎవరూ ఏమీ తేల్చలేరు. ఇలా రాయాలి: "ఫలానా తేదీ సాయంత్రం 6.20కి రాజ్‌విహార్ కూడలిలో, బస్టాండుకు పోయే వైపు, మందుల షాపు ముందు నా బండి ఆపినారు. హెల్మెట్ లేనందుకు చలానా రాసినారు, కట్టినాను, నంబరు ఇది. తర్వాత పేరు పలకపై ఫలానా పేరున్న కానిస్టేబులు నా ఎడమ చెంపపై ఒకసారి కొట్టినారు. చూసినవారు ఇద్దరు. ఆ కూడలి కెమెరా రికార్డు సాయంత్రం 6.10 నుంచి 6.45 వరకు చెరిపేయకుండా భద్రపరచాలని కోరుతున్నాను." ఆ చివరి వాక్యమే ప్రాణం. రోడ్డు కెమెరాల్లో పాతదాని మీద కొత్తది రికార్డవుతూ పోతుంది, ఆలస్యం చేస్తే దృశ్యం మిగలదు. స్టేషన్ లోపలి కెమెరాల సంగతి కాస్త నయం. 2020 డిసెంబరులో పరంవీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది రికార్డు ఉంచాలంది. అర్జీ ఏమైందో తెలుసుకోడానికి పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

దెబ్బ తగిలితే అర్జీ కన్నా ముందు పెద్దాసుపత్రి. అక్కడ "ఎవరు కొట్టారు" అని అడిగినప్పుడు జారిపడ్డానని చెప్పడమే పెద్ద పొరపాటు. పోలీసు కొట్టాడని చెబితే మెడికో లీగల్ కేసుగా నమోదవుతుంది. కమిలిన మచ్చ మొదట ఎర్రగా, తర్వాత నీలంగా, వారం నాటికి ఆకుపచ్చ, పసుపు రంగులకు తిరుగుతుంది. దాన్నిబట్టే డాక్టరు గాయం ఎన్నాళ్లదో చెబుతాడు. అందుకే అదేరోజు, పక్కన కొలతకు రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీయాలి.

కమిషనా, కోర్టా

మానవ హక్కుల కమిషన్‌కు ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులో ఒక కాగితం చాలు. 2021లో రాష్ట్ర కమిషన్‌ను కర్నూలులోనే పెట్టారు. ఘటన జరిగిన ఏడాదిలోపు ఫిర్యాదు అందాలి. కమిషన్ నివేదిక తెప్పిస్తుంది, పరిహారం ఇమ్మని సిఫారసు చేస్తుంది, శిక్ష మాత్రం వేయలేదు. రాష్ట్ర కమిషన్‌కు, జాతీయ కమిషన్‌కు ఒకేసారి పెడితే జాతీయ కమిషన్ దాన్ని పక్కన పెడుతుంది. ఏదో ఒకటే ఎంచుకోవాలి.

కోర్టు దారి నిదానం, కానీ శిక్ష అనే మాట ఉన్నది అక్కడే. చెంపదెబ్బ భారతీయ న్యాయ సంహిత 115(2) కిందికి వస్తుంది: ఏడాది వరకు జైలు లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇది స్టేషన్‌లో నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు, మేజిస్ట్రేటు అనుమతి కావాలి. "స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ కట్టలేదు" అని బాధపడేవాళ్లకు ఈ ముక్క ఎవరూ చెప్పరు. అదే అక్రమంగా అడ్డగించడం (126), నిర్బంధించడం (127) అయితే ఎఫ్ఐఆర్ కట్టొచ్చు. కాబట్టి తాళంచెవి లాక్కుని గంటసేపు కదలనీయలేదన్న సంగతి ఫిర్యాదులో చెంపదెబ్బ కన్నా ముందు రావాలి.

నాగరిక్ సురక్షా సంహితలో పోలీసుల తరఫున ఒక అడ్డు పెరిగింది. విధుల్లో ఉన్న ఉద్యోగి మీద నేరుగా కోర్టులో ప్రైవేటు ఫిర్యాదు వేస్తే, 223(2) ప్రకారం ఆయన మాట విని, పై అధికారి నివేదిక తెప్పించుకున్నాకే కోర్టు కేసును స్వీకరిస్తుంది. ఎస్పీ దగ్గర ముందే వివరంగా అర్జీ పడి ఉంటే ఆ నివేదిక దానికి జవాబు చెప్పక తప్పదు. గడువు కూడా చూడాలి. 115(2)కు ఏడాది టైముంది గాని, ఆంధ్ర ప్రాంతానికి వర్తించే 1859 జిల్లా పోలీసు చట్టం 53వ సెక్షన్‌లో మూడు నెలల మాట ఉంది. అవతలి వకీలు దాన్ని ఎత్తకుండా ఉండాలంటే మూడు నెలల లోపే కోర్టులో వేయడం మంచిది. ఆ సెక్షనే నెలరోజుల ముందస్తు నోటీసు కూడా అడుగుతుంది, అది రెండో నెల దాటకముందే పంపాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కార్మికులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, ఫోన్ 15100.

మొత్తం మీద చెంపదెబ్బ, తాళంచెవి లాంటివాటికి చలానా కట్టి, ఆస్పత్రి కాగితంతో ఎస్పీకి రాసి, నెల చూసి కదలికను బట్టి కోర్టుకు పోవడమే మేలైన వరస. ఒళ్లు హూనమయ్యేట్టు కొట్టి ఉంటే నెల ఆగొద్దు. ఆ వారమే కమిషన్‌కు పెట్టాలి, వకీలును కలవాలి.

తోపుడు బండ్లవాళ్లకు దారి వేరే. వెండింగ్ సర్టిఫికెట్ (వీధి వ్యాపారానికి ఇచ్చే అనుమతి పత్రం) ఉంటే 2014 వీధి వ్యాపారుల చట్టం 27వ సెక్షన్ పోలీసు వేధింపునే నిషేధించింది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు కావాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసి సంతకంతో ఇవ్వాలి. పండ్లు, కూరగాయలు అదేరోజు, మిగతావి రెండు పనిదినాల్లో ఫీజు కట్టించుకుని వదలాలి. ఆ జాబితా అడగకపోతే ఎన్ని బుట్టలు పోయాయో తర్వాత ఎవరూ తేల్చలేరు. సర్టిఫికెట్ కాపీ ప్లాస్టిక్ కవర్లో వేసి బండికే కట్టుకోవాలి, ఇంట్లో బీరువాలో ఉంటే పనికిరాదు.

పైన చెప్పినవన్నీ మనిషి ఇల్లు చేరాక చేసే పనులు. చిన్న విషయానికే స్టేషన్‌కు తీసుకుపోయి పొద్దుపోయినా వదలకపోతే ఇంటివాళ్లు వెంటనే కదలాలి. 2020 జూన్‌లో తమిళనాడు సాత్తాన్‌కుళంలో కొవిడ్ వేళలు దాటి దుకాణం తెరిచారని తీసుకుపోయిన తండ్రీకొడుకులు ఇద్దరూ తిరిగి రాలేదు. ముందు 112కు చేసి పేరు, స్టేషన్ చెప్పాలి, ఆ ఫోన్ టైముతో సహా నమోదవుతుంది. తర్వాత జిల్లా కంట్రోల్ రూమును అడగాలి, అరెస్టయినవాళ్ల పేర్లు అక్కడ ఉండి తీరాలి. పేరు ఉంటే అరెస్టు మెమో చూపమనాలి, దానిమీద ఇంటివాళ్లో ఊరి పెద్దో ఒకరు సాక్షి సంతకం చేసి ఉండాలి. పేరు లేకపోతే వకీలును వెంటపెట్టుకుని స్టేషన్‌కు పోయి, ఎప్పుడు తెచ్చారు, ఏ సెక్షన్ అని రాతపూర్వకంగా అడగాలి. ఇద్దరు ముగ్గురే పోవాలి, గుంపుగా పోతే అదే ఇంకో కేసవుతుంది.