కర్నూలు హోల్‌సేల్ వాళ్ళు జాగ్రత్త: కొత్త సర్వర్ అంటే వెంటనే డబ్బులు కట్టొద్దండి

కర్నూలు, ఆదోని సైడు మెడికల్ ఏజెన్సీ గానీ విత్తనాలు ఎరువుల హోల్‌సేల్ గానీ ఉండి ఎస్‌క్యూఎల్ సర్వర్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్) మీద బిల్లింగ్ నడిపేవాళ్ళు ఇది చదవండి. "కెపాసిటీ చాలట్లేదన్నా, 16 కోర్లది తీసుకోండి" అని ఎవరన్నా అంటే కొంచెం ఆగండి. (కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒక్కో భాగం.)

మాకు స్టాక్ రిపోర్ట్ కొడితే చాలు కౌంటర్లో బిల్లు కదలదు, ఎక్స్‌పైరీ రిటర్న్స్ పట్టుకుని షాపుల పిల్లోళ్ళు లైన్లో నిలబడి గొణుగుతుంటారు. సాఫ్ట్‌వేర్ పెట్టినాయనే సర్వర్ కూడా అమ్మినాడు, స్టాండర్డ్ ఎడిషన్ లైసెన్స్ 16 కోర్లకీ కట్టించినాడు. వచ్చినాక చూస్తే మళ్ళీ అదే కథ. అడిగితే "డేటా పెరిగింది కదన్నా" అంటాడు.

మా బామ్మర్ది ఫ్రెండు బెంగళూర్లో డేటాబేస్ పనే చేస్తాడు, పండక్కి వస్తే చూపించినాం. ఆయన ఎర్రర్ లాగ్ (ఎస్‌క్యూఎల్ సర్వర్ తన సంగతులు రాసుకునే ఫైల్) తెరిచి ఒక లైన్ చూపించినాడు, 16 సాకెట్లు (సాకెట్ అంటే ప్రాసెసర్ చిప్ కూర్చునే చోటు), సాకెట్‌కి 1 కోర్, లైసెన్సింగ్ ప్రకారం వాడుతున్నది 4 ప్రాసెసర్లు అని. మాది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 స్టాండర్డ్, దానికి లిమిట్ 4 సాకెట్లు లేదా 24 కోర్లు, ఏది తక్కువైతే అది. మా వర్చువల్ మెషిన్‌ని (సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్) 16 సాకెట్లుగా చేసి ఇచ్చినారు కాబట్టి మిగతా 12 కోర్లు ఊరికే పడున్నాయి, డబ్బులు మాత్రం అన్నిటికీ కట్టినాం!

ఆ 4 కూడా రిపోర్టే మింగేస్తాంది. మాక్స్‌డాప్ అని ఒక సెట్టింగ్ ఉంది, ఒక క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ఒక్కో పని) ఎన్ని ప్రాసెసర్లు వాడుకోవచ్చో అది చెప్తుంది, 0 ఉంటే దొరికినవన్నీ వాడుకోవచ్చని. మాది 0. కాస్ట్ థ్రెషోల్డ్ (క్వెరీ ఎంత భారీదైతే పారలల్‌గా, అంటే ఒకేసారి చాలా కోర్ల మీద, పోవచ్చో చెప్పే సెట్టింగ్) కూడా డిఫాల్ట్ 5 మీదే ఉంది, అది మరీ తక్కువ, ఓ మోస్తరు క్వెరీ కూడా పారలల్‌గా పోతుంది. సీఎక్స్‌ప్యాకెట్ వెయిట్స్ (పారలల్ క్వెరీ ముక్కలు ఒకదానికోసం ఒకటి ఆగే టైము) కుప్పలు. (అవి కనపడినంత మాత్రాన తప్పని కాదంట, పారలల్ క్వెరీ అన్నాక ఉంటాయి.)

ఇది చెప్తే అమ్మినాయన ఏం చేసినాడో తెలుసా, సర్వర్ మొత్తానికి మాక్స్‌డాప్ 1 పెట్టేసినాడు, అంటే ఏ క్వెరీ అయినా ఒక్క కోర్ మీదే నడవాల. బిల్లింగ్ బాగానే కదిలింది గానీ రిపోర్ట్ తెల్లారినా పూర్తి కాలా. ఆఖరికి ఫ్రెండే మెషిన్ ఆపి 1 సాకెట్, 16 కోర్లుగా మార్చి, మాక్స్‌డాప్ 4, థ్రెషోల్డ్ 50 పెట్టినాడు. ఈ రెండు సెట్టింగ్‌లకీ ఎస్‌పీ_కాన్ఫిగర్ అనే కమాండ్ చాలు, రీస్టార్ట్ కూడా అక్కర్లేదు, రూపాయి ఖర్చు లేదు. పాత సర్వర్ మీదే ముందు ఇది చేసి చూసుంటే కొత్తది కొనే పనే ఉండేది కాదేమో అన్నాడు, ఆ మాటకి మాత్రం కడుపు మండింది. మా నంబర్లే కాపీ కొట్టొద్దండి, మీ కోర్లని బట్టి ఉంటుంది, మైక్రోసాఫ్ట్ అయితే 8 కోర్లు దాటిన మామూలు సర్వర్‌కి మాక్స్‌డాప్ 8 మించొద్దంటుంది.

ఆల్రెడీ ఆర్డర్ ఇచ్చేసినోళ్ళు ఆ ఎర్రర్ లాగ్ లైన్ ఫోటో వాట్సాప్‌లో పంపమనండి. బిల్లులో 16 కోర్లు రాసుంటే లాగ్‌లో కూడా 16 వాడుతున్నట్టు కనపడాల, కనపడేదాకా బ్యాలెన్స్ ఇయ్యొద్దండి.