లినక్స్ వేశాక హ్యాంగ్ అవుతోందా? ఎక్స్‌ఎఫ్‌సీఈ, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ... ఏది మేలు?

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. విండోస్ 11కి పనికిరావన్న పాత ల్యాప్‌టాప్‌లు కొన్ని, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వైపు వస్తున్నాయి. 4 జీబీ ర్యామ్, 5400 ఆర్‌పీఎం హార్డ్‌డిస్క్, దాని మీద లినక్స్‌లో ఒక రకమైన ఉబుంటు 24.04 అనుకుందాం. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరవగానే మౌస్ కదలదు. ఇక సలహాలు మొదలు. డిస్ట్రో, అంటే లినక్స్ రకాన్నే మార్చమంటారు ఒకరు, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్ వేసుకోమంటారు ఇంకొకరు, ర్యామ్ పెంచమనేవాళ్లు కొందరు, హార్డ్‌డిస్క్ బదులు, తిరిగే భాగాల్లేని ఎస్‌ఎస్‌డీ పెట్టమనేవాళ్లు కొందరు. నన్నడిగితే ఎస్‌ఎస్‌డీ. కానీ జేబులో చెయ్యి పెట్టేముందు జబ్బేంటో తేల్చుకోవాలి.

హ్యాంగ్ అయినప్పుడు వెంటనే పవర్ బటన్ నొక్కకుండా రెండు మూడు నిమిషాలు ఓపిక పట్టండి. హార్డ్‌డిస్క్ లైటు ఆగకుండా వెలుగుతూ, క్యాప్స్ లాక్ లైటు ఆలస్యంగానైనా మారుతుంటే సిస్టమ్ బతికే ఉంది, మెమరీ చాలక కొట్టుకుంటోంది. అలా కాకుండా అంతా బిగుసుకుపోయి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కినా నల్ల స్క్రీన్ రాకపోతే డ్రైవర్ మీద అనుమానపడాలి. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు ఉండి, లినక్స్‌తో పాటే వచ్చే నూవో డ్రైవర్‌తో నడుస్తుంటే ముందు ‘అడిషనల్ డ్రైవర్స్’లోకి వెళ్లి కంపెనీ డ్రైవర్ దొరుకుతుందేమో చూడండి. ఇన్‌స్టాల్ అప్పుడు స్క్రీన్ రాక ‘నోమోడ్‌సెట్’ అనే బూట్ ఆప్షన్ పెట్టి, తర్వాత దాన్ని తీయడం మర్చిపోయేవాళ్లు చాలామంది. అది అలాగే ఉంటే గ్రాఫిక్స్ కార్డు పని కూడా ప్రాసెసరే మోస్తుంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ ఎదురుగా ‘ఎల్‌ఎల్‌వీఎంపైప్’ అనో ‘సాఫ్ట్‌వేర్ రెండరింగ్’ అనో కనిపిస్తే సంగతి అదే. ఇలాంటి వాటికి ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా ఫలితం ఉండదు.

డ్రైవర్ గొడవ కాదని తేలితే అసలు పోటీ మొదలవుతుంది.

ఎక్స్‌ఎఫ్‌సీఈకి పైసా ఖర్చు లేదు, ఫార్మాట్ కొట్టాల్సిన పనీ లేదు. ఉన్న ఉబుంటులోనే ఇన్‌స్టాల్ చేసి, లాగిన్ స్క్రీన్ కింది మూల గేర్ గుర్తు నొక్కి ఎంచుకుంటే చాలు. ఉబుంటుతో వచ్చే గ్నోమ్ డెస్క్‌టాప్‌తో పోలిస్తే కొన్ని వందల ఎంబీల ర్యామ్ మిగులుతుంది, బలహీనమైన గ్రాఫిక్స్ చిప్ మీద భారం తగ్గుతుంది. మెనూలు చకచకా తెరుచుకుంటాయి. అయితే ఆ మిగులు మొత్తాన్ని వీడియో నడిచే ట్యాబ్‌లు రెండు మూడు మింగేస్తాయి. అందుకే ఎక్స్‌ఎఫ్‌సీఈ గురించి వినిపించే పొగడ్తల్లో సగమే నమ్ముతాను. నడక తేలికవుతుంది గానీ హ్యాంగ్ పోదు.

హ్యాంగ్‌కి మూలం డిస్క్‌లో ఉంది. 5400 ఆర్‌పీఎం ప్లేటు ఒక చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. దానికి హెడ్ జరిగే సమయం కూడా కలిపితే, చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకు వందైనా చదవలేదు. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. ర్యామ్ నిండగానే సిస్టమ్‌కి గుండెలాంటి కెర్నల్ కొంత సరుకును డిస్క్ మీద స్వాప్ అనే చోటుకి నెట్టి, అవసరమైనప్పుడు మళ్లీ తెచ్చుకుంటుంది. హార్డ్‌డిస్క్ మీద స్వాప్ అంటే దోసిలితో చెరువు తోడడమే. టెర్మినల్‌లో ‘టాప్’ కొట్టి, సీపీయూ వరసలో ‘డబ్ల్యూఏ’ పక్కనున్న అంకె చూడండి. అది 30, 40 దాటి అక్కడే కూర్చుంటే ప్రాసెసర్ ఖాళీగా ఉండి డిస్క్ కోసం ఎదురుచూస్తోందన్నమాట. ఎస్‌ఎస్‌డీ పెడితే అదే 4 జీబీతో, అదే గ్నోమ్‌తో మెషీన్ మనిషి మాట వింటుంది. ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ స్నాప్ ప్యాకేజీగా, అంటే కావాల్సినవన్నీ కలిపి కుదించిన మూటగా వస్తుంది కాబట్టి హార్డ్‌డిస్క్ మీద మొదటిసారి తెరిచేటప్పుడు విసుగు పుట్టిస్తుంది. ఆ బాధా తగ్గుతుంది.

ఇంకో మాట. ‘డిస్క్స్’ యాప్‌లో డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్ వివరాలు తెరిచి, పెండింగ్ సెక్టార్ల (చదవడానికి మొండికేస్తున్న భాగాల) దగ్గర సున్నా కాకుండా వేరే అంకె ఉంటే ఇక ఏది మేలన్న చర్చే అనవసరం. డిస్క్ పాడవుతున్నట్టే, ముందు ఫొటోలు, కాగితాలు వేరే చోటికి కాపీ చేసుకోండి.

ఇప్పటికే ఎస్‌ఎస్‌డీ ఉంటే మాత్రం ర్యామే మేలు. 4 నుంచి 8కి వెళ్తే తేడా స్పష్టంగా కనిపిస్తుంది. కొనేముందు వెనక మూత తీసి చూడాలి. సన్నటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, స్లాటే ఉండదు. స్లాటున్నా పాత స్టిక్కు మీద ‘పీసీ3ఎల్’ అని ఉంటే ఆ తక్కువ వోల్టేజీ రకమే తీసుకోవాలి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీకి వెళ్లేటప్పుడు ఆ స్టిక్కునే జేబులో వేసుకెళ్తే టెన్షన్ ఉండదు. అన్నట్టు, మెమరీ లెక్క చూసేటప్పుడు ‘ఫ్రీ’ అంకె తక్కువుందని కంగారు పడొద్దు. ఖాళీ ర్యామ్‌ని లినక్స్ క్యాష్‌గా వాడుకుంటుంది. చూడాల్సింది ‘అవైలబుల్’ని.

డిస్ట్రో మార్చడం నా లెక్కలో ఆఖరిది. లినక్స్ మింట్ 22 కూడా ఉబుంటు 24.04 మీద కట్టిందే. మోయాల్సింది అదే డిస్క్, అదే ర్యామ్ అయినప్పుడు పేరు మారితే ఒరిగేది కొంచెమే.

పైసా పెట్టలేని పరిస్థితి అయితే ఎక్స్‌ఎఫ్‌సీఈకి జీర్యామ్ జోడించండి. స్వాప్‌లోకి పోవాల్సిన సరుకును డిస్క్‌కి పంపకుండా ర్యామ్‌లోనే కుదించి పెడుతుంది. ఫెడోరా అనే డిస్ట్రో 2020లో వచ్చిన 33వ వెర్షన్ నుంచి దీన్ని తనంతట తానే ఆన్ చేస్తోంది, ఉబుంటులో మనమే ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ర్యామ్ పెంచే వీలే లేని 2 జీబీ మెషీన్లకు దారి కూడా ఇదే, అదీ ట్యాబ్‌లు రెండుకు మించకుండా చూసుకుంటే.