తలుపుకు తగిలించే రాక్‌లు కొనబోయేవారికి హెచ్చరిక: ముందు మీ తలుపు బందులు చూసుకోండి

వంటింటి తలుపు వెనుక, పడకగది తలుపు వెనుక కొక్కేలతో తగిలించుకునే ఇనుప రాక్‌లను ఆన్‌లైన్‌లో కొనబోతున్నవారు, ముఖ్యంగా అద్దె ఇళ్లలో ఉంటున్నవారు, డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. ₹1,899 పెట్టి కొన్న ఒక రాక్ వల్ల మా వంటింటి తలుపు పాడైపోయింది, రెండు లీటర్ల నూనె, ఒక జాడీ మామిడికాయ ఊరగాయ నేలపాలయ్యాయి, తలుపు మార్పించడానికి మరో ₹6,500 ఖర్చయింది. ఎవరికీ దెబ్బ తగలలేదంటే, ఆ నిమిషంలో వంటింట్లో ఎవరూ లేకపోవడమే కారణం.

మేము కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు దగ్గరలో ఉన్న మా మామగారి కాలపు ఇంటి నుంచి పోయిన ఏడాది కల్లూరు వైపు ఒక రెండు పడకగదుల ఫ్లాట్‌కు అద్దెకు మారాము. పాత ఇంట్లో వంటగది గోడ పొడవునా కడప బండలతో కట్టిన నాలుగు వరుసల అరలు, పైన ఒక సజ్జ ఉండేవి. బియ్యం బస్తా పెట్టినా, ఇత్తడి గుండిగలు పెట్టినా ఆ బండలు కదిలేవి కావు కాబట్టి బరువు గురించి ఆలోచించే అలవాటే మాకు లేదు. కొత్త ఇంట్లో గ్యాస్ గట్టు కింద రెండు అరలు, పైన ఒక చిన్న అల్మారా తప్ప మరేమీ లేవు. గోడలకు మేకులు కొట్టకూడదని ఓనరు ముందే షరతు పెట్టారు. మేకు లేకుండా, డ్రిల్లింగ్ లేకుండా, తలుపు పైఅంచుకు కొక్కేలు తగిలిస్తే చాలునన్న రాక్ ఫోనులో కనబడినప్పుడు నాకు అది దేవుడిచ్చిన ఉపాయంలా అనిపించింది. ఫోటో చూసిన మా అత్తయ్య మాత్రం "బండ మీద పెట్టుకునేదాన్ని తలుపుకు ఎందుకమ్మా యాలాడదీసేది?" అని ఒక్క మాట అని ఊరుకున్నారు. నేను వినలేదు.

అమ్మకపు పేజీలో ఆ రాక్ 40 కిలోల బరువు మోస్తుందని, అన్ని రకాల తలుపులకూ సరిపోతుందని రాసి ఉంది. ఆరు అరలు, రెండు కొక్కేలు, కింద గీతలు పడకుండా రెండు స్పాంజి ముక్కలు. బిగించిన మొదటి రోజునే రెండు లోపాలు కనిపించాయి, కానీ వాటిని లోపాలుగా గుర్తించే తెలివి అప్పటికి నాకు లేదు. కొక్కెం లోపలి వెడల్పు దాదాపు 35 మిల్లీమీటర్లు ఉంటే మా తలుపు మందం 30 మిల్లీమీటర్లే ఉండడంతో, తలుపు వేసిన ప్రతిసారీ రాక్ ముందుకూ వెనక్కూ ఊగి 'టక్' మని తలుపుకు కొట్టుకునేది. రెండవది, తలుపు పైఅంచుకూ ద్వారబంధానికీ మధ్య ఉండే సందు కొక్కెపు రేకు పట్టేటంత లేదు. అందువల్ల తలుపు పైమూల బిగుసుకుని, గొళ్లెం పడాలంటే భుజంతో నెట్టవలసి వచ్చేది. వానాకాలంలో చెక్క ఉబ్బినప్పుడు ఏ ఇంట్లోనైనా ఇలాగే ఉంటుంది కదా అని సరిపెట్టుకున్నాను. అలా నెట్టిన ప్రతిసారీ ఆ ఒత్తిడి అంతా పోయి పై బంది మీద, అంటే తలుపును ద్వారబంధానికి పట్టి ఉంచే పై కీలు మీద, పడుతోందని తరువాత తెలిసింది.

సరిగ్గా 23వ రోజు, ఆదివారం ఉదయం, ఉగ్గానికి బొరుగులు తడిపి పెట్టి, పిల్లవాణ్ని లేపుదామని నేను హాలులోకి వచ్చాను. వెనుక నుంచి ముందు చెక్క చీలినట్టు ఒక సన్నని చప్పుడు, ఆ వెంటనే గాజు పగిలిన పెద్ద శబ్దం వినిపించాయి. వెళ్లి చూస్తే తలుపు పై బంది ఊడి, కింది బంది మీద వాలి, గ్యాస్ గట్టుకు ఆనుకుని ఆగి ఉంది. రాక్ మాత్రం చెక్కుచెదరకుండా తలుపుకే వేలాడుతోంది, దానిలోని సీసాలు మాత్రం అన్నీ కిందికి జారిపోయాయి. కందిపప్పు, చెనిక్కాయ విత్తనాలు, కారం, గాజుపెంకులు అన్నీ నూనెలో కలిసి ముద్దయ్యాయి. మా వంటింట్లో నేల బేతంచెర్ల బండలది. బండల మధ్య అతుకుల్లోకి దిగిన నూనెను సున్నపుపిండి చల్లి, వేడినీళ్లు పోసి, మూడు రోజులు తోమినా నెల రోజుల పాటు ఆవ, మెంతి వాసన పోలేదు. పిల్లవాడు రోజూ అదే తలుపు పక్కన నిలబడి పాలు తాగుతాడు. ఈ సంగతి ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

మరునాడు వచ్చిన వడ్రంగి తలుపును పక్కకు దించి, వేలి కణుపుతో నడుమ రెండుసార్లు, అంచున రెండుసార్లు తట్టి, "డొల్ల తలుపమ్మా ఇది. మీరు పెట్టిన బరువంతా ఈ మూడు స్క్రూలే మోసినాయి, ఎన్నాళ్లని మోస్తాయి?" అన్నాడు. ఊడివచ్చిన బందిని నా చేతిలో పెట్టి చూపించాడు. నాలుగు రంధ్రాలున్న బందికి మూడే స్క్రూలు పెట్టి ఉన్నాయి, అవి కూడా ముప్పావు అంగుళానివి. తలుపు మొత్తానికి మూడు బందులు ఉండవలసిన చోట రెండే ఉన్నాయి. ఇరువైపులా చదునుగా ఉండే ఇలాంటి తలుపులను ఫ్లష్ డోర్లు అంటారు. వాటిలో లోపలంతా చెక్కముక్కలు కూర్చి అతికించిన గట్టి తలుపులు ఒక రకం. చుట్టూ సన్నని చెక్క చట్రం వేసి, నడుమ అట్టతోనో పలుచని పట్టీలతోనో తేనెపట్టు లాంటి గదులు చేసి, ఇరుపక్కలా ప్లైవుడ్ రేకు అంటించిన డొల్ల తలుపులు ఇంకొక రకం. భారతీయ ప్రమాణాలలో కూడా ఈ రెండింటికీ వేర్వేరు సంఖ్యలు ఉన్నాయి. గట్టి తలుపులకు ఐఎస్ 2202, డొల్ల తలుపులకు ఐఎస్ 2191. రంగు వేసిన తరువాత చూపుకు రెండూ ఒక్కటిగానే ఉంటాయి. అద్దెకు ఇవ్వడానికే కట్టిన ఇళ్లలో ఏ రకం బిగించి ఉంటారో నేను ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు.

40 కిలోలు మోస్తుందని చెప్పినప్పుడు 18 కిలోలకే ఎలా ఊడిందని నేను మొదట అమ్మకందారు మీదనే మండిపడ్డాను. 18 కిలోలు అన్నది ఊహ కాదు. పగలనివాటిని తూచి, పగిలినవాటికి అదే రకం సీసాలను నింపి తూచి రాసుకున్నాను. ఒక లీటరు నూనె ప్యాకెట్టు సుమారు 910 గ్రాములు, ఊరగాయ జాడీ 2.3 కిలోలు, పప్పుల గాజు సీసాలు ఆరు కలిపి 8.4 కిలోలు, పొడుల డబ్బాలు 2.2 కిలోలు, ఖాళీ రాక్ ఒక్కటే 3.2 కిలోలు. లెక్క మా పెద్దవాడు ఇంటర్ భౌతికశాస్త్రం పుస్తకం పక్కన పెట్టుకుని వేశాడు. తలుపు వెడల్పు 80 సెంటీమీటర్లు కాబట్టి బరువు బందుల నుంచి 40 సెంటీమీటర్ల దూరాన వేలాడుతుంది. రెండు బందుల మధ్య దూరం 150 సెంటీమీటర్లు. 18ని 40తో హెచ్చించి 150తో భాగిస్తే, పై బందిని ద్వారబంధం నుంచి బయటికి లాగే బలం 4.8 కిలోలు అదనంగా వస్తుంది. 15 కిలోల తలుపు తన సొంత బరువుతో లాగేది 4 కిలోలే. అంటే రాక్ తగిలించిన రోజునే పై బంది మీది లాగుడు రెట్టింపు దాటిపోయింది. ఇది తలుపు కదలకుండా ఉన్నప్పటి మాట. విసురుగా వేసినప్పుడు, ఊగిన రాక్ తిరిగి కొట్టుకున్నప్పుడు పడే కుదుపు ఈ లెక్కలోకి రాలేదు. నిండు బిందెను నడుముకు ఆనించుకుని ఎంత దూరమైనా నడుస్తాము కానీ, అదే బిందెను చెయ్యి చాచి పట్టుకుని నాలుగడుగులు వేయలేము. 40 కిలోలు అన్నది రాక్ ఇనుము మోసే బరువు. దానిలో అబద్ధం లేకపోవచ్చు, మా రాక్ తీగ ఒక్కటి కూడా వంగలేదు. కానీ ఆ అంకెకూ మీ తలుపుకూ సంబంధం లేదన్న సంగతి ఆ పేజీలో ఎక్కడా లేదు.

కాబట్టి కొనదలచినవారు ముందు తలుపును నడుమన, అంచున తట్టి చూడండి. అంచు 'ధప్' మని, నడుమ డప్పులా మోగితే అది డొల్ల తలుపు, దానికి సామాన్ల రాక్ వద్దు. తరువాత బందులు ఎన్ని ఉన్నాయో, ప్రతి రంధ్రంలోనూ స్క్రూ ఉందో లేదో చూడండి. తలుపును సగం తెరిచి, గొళ్లెం వైపు అంచును రెండు చేతులతో కొద్దిగా పైకి లేపి చూడండి. పై బంది దగ్గర కదలిక కనిపిస్తే అది ఖాళీగా ఉన్నప్పుడే వదులైందని అర్థం. తలుపు మందాన్ని స్కేలుతో కొలిచి కొక్కెం వెడల్పుతో పోల్చుకోండి. తలుపు వేసి, పైఅంచు సందులో ఒక రూపాయి నాణెం దూర్చి చూడండి, అది కూడా దూరకపోతే కొక్కెం పట్టదు. స్నానాల గదుల పీవీసీ తలుపులు వీటన్నింటికంటే బలహీనం, వాటికి తువ్వాలు కొక్కెం మించి ఏదీ తగిలించకూడదు. జిగురుతో అంటించే కొక్కేలను కూడా ఒకసారి ప్రయత్నించాను. మన ఊరి ఎండాకాలం 40 డిగ్రీలు దాటగానే ఆ జిగురు మెత్తబడి అర్ధరాత్రి ఊడిపడింది.

ఇక అమ్మకందారు వ్యవహారం. వాపసు గడువు 7 రోజులే కాబట్టి తాము చేయగలిగింది లేదని, తలుపు లోపానికి తమ బాధ్యత లేదని మొదట సమాధానం వచ్చింది. మళ్లీ రాస్తే తరువాతి కొనుగోలుకు ₹300 కూపన్ ఇస్తామన్నారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకపు వేదిక ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఆ మాటను ప్రస్తావిస్తూ ఫోటోలతో సహా రాసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫిర్యాదు చేశాను. అట్టపెట్టె మీద తయారీదారు పేరు గానీ చిరునామా గానీ లేకపోవడం ఇక్కడ నాకు పనికివచ్చింది. ప్యాక్ చేసిన సరుకు మీద అవి ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నియమాలు చెబుతున్నాయి. పెట్టెను చింపి పాత పేపర్లవాడికి వేయకుండా అటక మీద పడేసిన నా బద్ధకం ఒక్కోసారి మంచిదే. పందొమ్మిది రోజుల తరువాత రాక్ ధర ₹1,899 వాపసు వచ్చింది. తలుపు ఖర్చు మాత్రం ఇవ్వలేదు. దాని కోసం జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం మనం నివసించే ఊళ్లోనే వేయవచ్చు, గడువు రెండేళ్లు, సరుకుకు చెల్లించిన ధర ₹5 లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు. నేను వెళ్లలేదు. ఎందుకంటే బందికి ఒక స్క్రూ ముందునుంచే లేదన్నది నిజం, రాక్ బిగించక ముందు తలుపు ఎలా ఉండేదో చూపే ఫోటో ఒక్కటి కూడా నా దగ్గర లేదు.

ఆ ఫోటో లేకపోవడం ఓనరు దగ్గర కూడా దెబ్బతీసింది. స్క్రూ లేని సంగతి చెబితే "మీరొచ్చినప్పుడు తలుపు బాగానే ఉండె కదమ్మా" అన్నారు, దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. అద్దె ఇంట్లోకి దిగిన రోజునే ప్రతి తలుపు బందులనూ దగ్గర నుంచి ఫోటో తీసి, వాటిని ఓనరుకు వాట్సాప్‌లో పంపి ఉంచుకోండి.

తలుపులను అసలే వాడుకోవద్దని నేను అనడం లేదు. పడకగది తలుపు వెనుక గుడ్డ సంచుల వరుస ఒకటి ఇప్పటికీ ఉంది. దానిలో చెప్పులు, దువ్వెనలు, ఛార్జర్లు, పిల్లల సాక్సులు కలిపి రెండు కిలోలు దాటవు, పడినా పగిలేది లేదు. అల్మారా తలుపు లోపలి వైపు చిన్న తీగబుట్ట పెట్టదలచినవారు మాత్రం, అవి చాలావరకు పార్టికల్ బోర్డుతో చేసినవని, గుండ్రని కప్పు బందులు ఆ బోర్డులో ఒకసారి వదులైతే మళ్లీ అదే రంధ్రంలో పట్టవని గుర్తుంచుకోండి. యాసిడ్, ఫినాయిల్ సీసాలు, మందులు ఏ తలుపుకూ వద్దు.

రాక్‌ను వెనక్కు పంపమని వారు అడగలేదు. వడ్రంగి దాని కొక్కేలు కోసి, కింద నాలుగు రబ్బరు బుడిపెలు బిగించి, వంటింటి మూలలో నేల మీద నిలబెట్టాడు. దానిలో ఇప్పుడు ఉల్లిగడ్డలు, వెల్లుల్లి ఉన్నాయి. కొత్త తలుపుకు మూడు బందులు, అంగుళంన్నర స్క్రూలు వేయించాము. దాని వెనుక మా అత్తయ్య వంట చేసేటప్పుడు తుడుచుకునే గుడ్డ ఒక్కటే వేలాడుతోంది.