బ్రిడ్జర్టన్ సీజన్ 2: మొహాలు మనవే, మరి కప్పులో పంచదార ఎక్కడిది?

2022 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ఈ సీజన్ని (పాతకాలపు లండన్ పెద్దింటివాళ్ల డాన్సులు, ప్రేమలు, పెళ్లిళ్ల సిరీస్ ఇది) ఈమధ్య మళ్లీ పెట్టుకుని, ఎనిమిది ఎపిసోడ్లూ రెండు రాత్రుల్లో లాగించేశాను. కాబట్టి బోరు అని అబద్ధం చెప్పలేను. హీరోయిన్ కేట్, హీరో ఆంథొనీ ఎదురుపడి పోట్లాడుకునే సీన్లన్నీ బాగున్నాయి, ప్రేమకథ వరకూ పైసా వసూల్.

దీనికి ఆధారమైన నవలలో కేట్ వాళ్లు షెఫీల్డ్ అనే తెల్లవాళ్ల కుటుంబం. సిరీస్‌లో ఇండియా నుంచి లండన్ వచ్చిన శర్మలయ్యారు. అక్క కేట్‌గా సిమోన్ ఆష్లే, చెల్లిగా చరిత్ర చంద్రన్, ఇద్దరూ తమిళ మూలాలున్నవాళ్లే. 1984 నాటి 'ఎ పాసేజ్ టు ఇండియా'లో ప్రొఫెసర్ గాడ్‌బోలే పాత్రకి తెల్ల నటుడు అలెక్ గిన్నిస్ మొహానికి రంగు పూసి నిలబెట్టిన సంగతి గుర్తున్నవాళ్లకి ఇదెంత దూరమో తెలుస్తుంది. ఇక్కడ ఆ చామనఛాయ అమ్మాయే హీరోయిన్. (మన సినిమాల్లో అలాంటి హీరోయిన్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టుకోండి, వేళ్లు మిగులుతాయి.) అక్క చెల్లెలి తలకి నూనె రాసే సీన్ దగ్గర మాత్రం నేను ఆపి మళ్లీ చూశాను. పెళ్లికి ముందు పసుపు రాయడం కూడా ముచ్చటగా తీశారు.

కానీ ఒకే ఇంట్లో అక్కని 'దీదీ' అని హిందీలో, నాన్నని 'అప్పా' అని తమిళంలో, చెల్లిని 'బోన్' అని బెంగాలీలో పిలుస్తుంటే అది ఇల్లా, రైల్లో జనరల్ బోగీనా? ఇండియా అంటే అంతా ఒకటే అనుకునే పాత అలవాటు ఇంకా పోలేదన్నమాట.

ఇంకో తమాషా. కేట్‌కి ఇంగ్లిష్ టీ పడదు, మన మసాలా టీయే కావాలి. కథ జరిగేది 1814లో. అప్పటికి టీ చైనా నుంచి వచ్చేది, అస్సాం టీ లండన్‌లో మొదటిసారి వేలానికి వచ్చిందే 1839లో. సరే, టీ వదిలేద్దాం, అందులో పంచదార సంగతేంటి? బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని 1807లో ఆపింది గానీ, బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833 దాకా రాలేదు, అంటే ఈ డాన్సులు జరుగుతున్నప్పుడు కరీబియన్ చెరకు తోటల్లో బానిసలే పనిచేస్తున్నారు. రాజుగారు ఒక నల్లజాతి అమ్మాయిని ప్రేమించడంతో మనమందరం ఒకటయ్యామని మొదటి సీజన్లో నల్లజాతి పెద్దావిడ లేడీ డాన్‌బరీ చేత చెప్పించారు. మరి ఆ తోటల్లోవాళ్ల మాటేమిటి? అటు ఇండియాలో నిజాం దత్త మండలాలని ఈస్టిండియా కంపెనీకి అప్పగించి అప్పటికి 14 ఏళ్లు. కంపెనీ గుత్త వ్యాపారాన్ని టీ, చైనా తప్ప మిగతావాటిలో రద్దు చేసిన చట్టం కథకి ముందు ఏడాదే, 1813లో వచ్చింది. లండన్ పెద్దల ఇళ్లలో అది కబుర్లలోకి రాకుండా ఉంటుందా? శర్మల కథ ఆ జోలికే పోదు.

"ఫాంటసీ కదా, లైట్ తీసుకో" అంది మా చెల్లి. ఫాంటసీ అయితే నూనె, పసుపు, గాజులు మాత్రం మనవి ఎందుకు కావాల్సొచ్చాయో అదీ చెప్పమన్నాను. ఫోన్ చూసుకుంటూ కూర్చుంది.

చూడొచ్చు, సరదాగా గడిచిపోతుంది. అయిదుకి మూడున్నర ఇస్తాను, ఆ అర మార్కు నూనె రాసే సీన్‌కి.