మెరైన్ బయాలజీ ఫౌండేషన్ ఇయర్: చదువుకి నాలుగు స్టార్లు, పంపినవాళ్ళకి ఒకటిన్నర

"సార్, రివ్యూ పెట్టండి ప్లీజ్" అని భీమవరం కన్సల్టెన్సీ నుంచి ఇప్పటికి మూడు మెసేజ్‌లు వచ్చాయి. మా అమ్మాయిని ఇంగ్లాండు పంపింది వాళ్ళే. వాళ్ళ పేరు రాయను గానీ రివ్యూ మాత్రం రాస్తాను.

మాది మొగల్తూరు దిగువ, వనామీ రొయ్యల చెరువులు. తొంభైల్లో తెల్లమచ్చ రోగం వచ్చి మా నాన్న వేసిన టైగర్ రొయ్య రాత్రికి రాత్రి చచ్చి గట్టు పట్టేసింది. ఆ కథ వందసార్లు వింటూ పెరిగింది మా అమ్మాయి. ఇంటర్ బైపీసీలో 912 మార్కులొచ్చాయి. మా ఆవిడ ఎంబీబీఎస్ అంటే, పిల్ల "నాకు సముద్రం కావాలమ్మా" అంది. పక్కనే నర్సాపురంలో ఫిషరీస్ యూనివర్సిటీ ఉంది కదా అన్నాను. "అది చేపల్ని పెంచే చదువు నాన్నా, నాది అసలు సముద్రంలో ఎవరెలా బతుకుతున్నారో చూసే చదువు" అంది. సరే అన్నాను.

కన్సల్టెన్సీలో మొదటి రోజే చెప్పిన మాట: "అంకుల్, మన ఇంటర్ అక్కడ చెల్లదు. డిగ్రీకి ముందు ఒక ఏడాది ఫౌండేషన్ కోర్సు కంపల్సరీ." నమ్మాను. ఆ తర్వాత తెలిసింది, అది సగం నిజం కూడా కాదని. ఇంటర్ మార్కులతో నేరుగా డిగ్రీలో చేర్చుకునే యూనివర్సిటీలు అక్కడ బోలెడున్నాయి. ఎంత శాతం కావాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది, అంతే. మా పిల్లకి అడ్డొచ్చింది ఇంటర్ కాదు, ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్ష. మొదటిసారి 5.5 వచ్చింది. డిగ్రీకి మామూలుగా 6 గానీ 6.5 గానీ అడుగుతారు.

ఇక్కడే నా కడుపు మండింది. ఫౌండేషన్ లాంటి, డిగ్రీ కంటే కింది స్థాయి కోర్సుకి మామూలు ఐఈఎల్‌టీఎస్ పనికిరాదు, యూకే వీసాల కోసం ప్రత్యేకంగా పెట్టే పరీక్షల్లో ఒకటి రాయాలి. ఈ సంగతి మొదటి పరీక్ష రాయించాక చెప్పారు. మళ్ళీ రాస్తే 6 వచ్చింది, ఏ విభాగంలోనూ 5.5కి తగ్గలేదు. అంతమాత్రానికే డిగ్రీలో సీటిచ్చే చోట్లు ఉన్నాయి. కానీ అప్పటికి ఫౌండేషన్‌కి అడ్వాన్సు కట్టించేశారు. ఇరవై వేల రూపాయల లోపు పరీక్షతో తేలే పనికి 18 వేల పౌండ్ల ఏడాది అంటగట్టారు. పిల్లల్ని చేర్పిస్తే అక్కడి కాలేజీలు ఏజెంట్లకి కమీషన్ ఇస్తాయని కూడా అప్పుడే తెలిసింది. మేత డీలరు ఏ కంపెనీ మేత ఎందుకు పొగుడుతాడో తెలిసినవాణ్ణి, ఇది ముందే పసిగట్టాల్సింది.

వీసా డబ్బు సంగతి ఆక్వా రైతులు ప్రత్యేకంగా వినాలి. ఖాతాలో వీసావాళ్ళు చెప్పిన మొత్తం వరసగా 28 రోజులు ఉండాలి, ఒక్కరోజు కూడా రూపాయి తగ్గకూడదు. మాకది సరిగ్గా డెబ్బయ్యో రోజు పంట, మేత ఎక్కువ తినే టైం. ఖాతాలో అన్ని లక్షలు పెట్టుకుని డీలరు దగ్గర "పట్టుబడి అయ్యాక, రొయ్య అమ్మాక ఇస్తానండి" అని బతిమాలుకోవడం నా జీవితంలో అదే మొదటిసారి. ఖాతా తండ్రి పేరు మీద ఉంటే పిల్ల బర్త్ సర్టిఫికెట్ కూడా కావాలి. మాది తెలుగులో ఉంది, దానికి ఇంగ్లీషు అనువాదం. అందులో నా పేరుకి ఒక అక్షరం తేడా, దానికి ఇంకో అఫిడవిట్. టీబీ పరీక్షకి హైదరాబాదు.

"పార్ట్‌టైం వారానికి 20 గంటలు చేసుకోవచ్చు, ఖర్చులు అవే వెళ్ళిపోతాయి" అన్నారు. ఫౌండేషన్‌లో ఉన్నంతకాలం తరగతులు జరిగే రోజుల్లో వారానికి 10 గంటలే, 20 అనేది డిగ్రీలో చేరాకే. పైగా మా పిల్లకి డిగ్రీకి మళ్ళీ ఇంకో వీసా, మళ్ళీ హెల్త్ సర్‌ఛార్జి. అది విద్యార్థికి ఏడాదికి 776 పౌండ్లు.

చదువు మాత్రం బాగుందండి. బయాలజీ, కెమిస్ట్రీ, వ్యాసాలు రాసే ఇంగ్లీషు, లెక్కలు. బైపీసీ పిల్లలు టెన్త్‌తోనే లెక్కలకి దణ్ణం పెట్టేస్తారు కదా, మెరైన్ బయాలజీ డిగ్రీలోనేమో స్టాటిస్టిక్స్ వదలదట. నేరుగా డిగ్రీలో పడుంటే మా పిల్ల మొదటి టర్మ్‌లోనే బెంబేలెత్తేది. ఇక్కడ రికార్డు బుక్ అంటే సీనియర్ రికార్డు చూసి బొమ్మలు దించడమే. అక్కడ అంకె తప్పొస్తే తప్పే రాసి, ఎందుకు తప్పొచ్చిందో కూడా రాయాలి.

ఫిబ్రవరిలో ఒకరోజు వీడియో కాల్ చేసింది. వెనక బూడిదరంగు సముద్రం, చలికి ముక్కు ఎర్రబడిపోయి ఉంది. పాటుకి నీళ్ళు వెనక్కిపోయి రాళ్ళు తేలాయి. వాటి మీద చిన్న టోపీల్లాంటి గుల్లలు. చేతిలో చదరపు ఫ్రేమ్ ఉంది. అది రాయి మీద పెట్టి లోపల ఎన్ని గుల్లలున్నాయో లెక్కపెడుతోంది. "చెరువులో వలేసి రొయ్య సైజు చూసే మన వల శాంపిలే కదమ్మా ఇది" అన్నాను. "కాదు నాన్నా, ఫ్రేమ్ ఎక్కడ పెట్టాలో మేం అనుకోకూడదు, చీటీ తీసినట్టు వచ్చిన అంకె చెప్పాలి. మీరు వల ఎప్పుడూ మోటారు షెడ్డు పక్క గట్టు మీంచే వేయిస్తారు. మేత అక్కడే ఎక్కువ పడుద్ది, పెద్ద రొయ్య అక్కడే ఉంటుంది" అంది. మర్నాడు పడమటి గట్టు మీంచి కూడా వేయించాను. షెడ్డు పక్క 54 కౌంట్, అంటే కిలోకి 54 రొయ్యలు, పడమట 62. ఇన్నేళ్ళుగా పట్టుబడి రోజు లెక్క తేడా వస్తే కొనుగోలుదారుణ్ణి తిట్టేవాణ్ణి.

ఒక స్టారు ఎందుకు తగ్గించానంటే, సముద్రం చదువని పంపితే ఏడాది మొత్తంలో ఒడ్డుకి తీసుకెళ్ళింది రెండే రెండుసార్లు. హాస్టల్ గది ఖరీదుకి భీమవరంలో ఇల్లు అద్దెకొస్తుంది.

ఇప్పుడు డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. ఎవరైనా అడిగితే ముందు పిల్లల ఇంటర్ మార్కులూ ఐఈఎల్‌టీఎస్‌లో ఒక్కో విభాగం మార్కూ పట్టుకుని, ప్లిమత్, సౌతాంప్టన్, బ్యాంగర్, ఆస్ట్రేలియాలో అయితే జేమ్స్ కుక్ లాంటి యూనివర్సిటీల వెబ్‌సైట్లలో ఇండియా పేజీ మీరే చదవమని చెబుతున్నాను. ఫౌండేషనే అయితే ఏ సబ్జెక్టులో ఎంత వస్తే డిగ్రీలోకి తీసుకుంటారో కాగితం మీద అడగండి. మా పిల్లకి బయాలజీలో 60 రావాలన్నారు, 71 వచ్చింది. పక్కగదిలో నైజీరియా అమ్మాయికి 57 వచ్చింది. తనిప్పుడు వేరే ఊళ్ళో వేరే కోర్సు చదువుతోంది.